గ్రిడ్ చివరి అంచుకు చూపు

విద్యుత్తును భారీగా నిల్వ చేయడం నేటికీ ఖరీదైన పనే కాబట్టి ఉత్పత్తీ వినియోగమూ అనుక్షణం సరితూగాలి; ఆ తూకం ఎటు మొగ్గుతున్నదో పౌనఃపున్యం, అంటే ఏకాంతర విద్యుత్తు సెకనుకు పూర్తిచేసే ఆవర్తనాల సంఖ్య, తెలియజేస్తుంది. భారతదేశంలో అది 50 హెర్ట్జ్‌ను అంటిపెట్టుకొని ఉండాలి. 2012 జులై 30న ఉత్తర గ్రిడ్, మరునాడు దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి 60 కోట్లకు పైగా ప్రజలున్న ప్రాంతాలకు సరఫరా నిలిచిపోయిన తరువాత, దేశమంతటా ఫేజర్ కొలత యూనిట్లను విరివిగా అమర్చారు. వర్జీనియా టెక్‌లో అరుణ్ ఫడ్కే, జేమ్స్ థార్ప్‌లు 1988లో రూపొందించిన ఈ పరికరం, ఉపగ్రహాల నుంచి అందే కాలమానం ఆధారంగా, సుదూర సబ్‌స్టేషన్లలో ఒకే క్షణాన వోల్టేజి ఎంత ఉన్నదీ, దాని తరంగం ఏ కోణంలో ఉన్నదీ సెకనుకు పదులసార్లు నివేదిస్తుంది.

పైస్థాయికి ఇంత చూపు దక్కినా, 11 కేవీ ఫీడరు దాటి పల్లె ట్రాన్స్‌ఫార్మర్ వరకు వచ్చేసరికి ఆ చూపు మందగిస్తుంది. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి పొలానికి పోనవసరం లేకుండా తెలుగు రైతులు పంపుసెట్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. అది తప్పుపట్టదగిన ఏర్పాటేమీ కాదు. అయితే ఇండక్షన్ మోటారు నేరుగా మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది కనుక, సరఫరా రాగానే మోటార్లన్నీ ఒక్కుమ్మడిగా కదిలితే ఫ్యూజులు ఎగిరిపోతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభించే ముందు, తెలంగాణలో ఆటో స్టార్టర్లను తొలగించే ప్రచారమే జరిగింది. ఆటో స్టార్టరు తనంతట తాను పనిచేస్తుంది గానీ, పక్క మోటారు సంగతీ, ట్రాన్స్‌ఫార్మర్ మోస్తున్న భారమూ దానికి తెలియవు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు అమర్చే సెన్సర్లు నూనె వేడినీ, మూడు ఫేజుల మధ్య భారంలో తేడానూ సెల్యులార్ లేదా రేడియో మార్గాన విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కంకు) పంపి ఆ లోటు పూడుస్తాయి. స్మార్ట్ మీటరు కూడా, సరఫరా పోయిన మరుక్షణం తనలో మిగిలిన కొద్దిపాటి శక్తితో చివరి సందేశం పంపగలిగేలా తయారైనదైతే, వినియోగదారుడు ఫోన్ చేయకముందే లోపం ఏ ఫీడరులో ఉన్నదో చెబుతుంది. 2021లో కేంద్రం ఆమోదించిన పంపిణీ రంగ పథకం 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లను లక్ష్యంగా పెట్టుకుంది. ఫీడర్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ మీటర్లు అందులో ఉన్నా, చర్చంతా బిల్లుల వసూలు చుట్టూనే తిరగడం విచారకరం.

చూపుతోపాటు గ్రిడ్‌ను దూరం నుంచి నడిపే వీలూ వస్తుంది; అయితే దూరం నుంచి కలపగలిగినదాన్ని దూరం నుంచే విడదీయవచ్చు కూడా. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో చొరబాటుదారులు పంపిణీ సంస్థల కంప్యూటర్ల ద్వారానే బ్రేకర్లను తెరిచి సుమారు 2.25 లక్షల వినియోగదారులకు సరఫరా నిలిపివేశారు. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో మూయగలిగారు కాబట్టే కొన్ని గంటల్లో కరెంటు తిరిగి వచ్చింది. స్మార్ట్ గ్రిడ్ వస్తే లైన్‌మన్ పోస్టులు తగ్గించవచ్చని లెక్కలు వేసేవారు ఆ కొన్ని గంటలనూ ఖర్చు పద్దులో చేర్చాలి.