మొద్దుబారిన గొడ్డలి చేతికి రెండో కరువు

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా అదనుకు రాదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు పశువుకు మేత కరువు, మనిషికి కూలి కరువు. పొయ్యిలోకి కట్టె కరువు కాకూడదని పొద్దు పొడవకముందే గుట్టకో, వంకకో బయలుదేరేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయింది. అనంతపురం ఒకటి, శ్రీ సత్యసాయి ఒకటి. కట్టెల మోపు బరువు మాత్రం రెండు చోట్లా ఒకటే.

గ్యాసు వచ్చింది కదా, ఇంకా కట్టెల మాట ఎందుకని పట్నవాసులు అడగవచ్చు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 చివర దీపం-2 వచ్చింది. కాదనం. కానీ పేదింట సిలిండరును పొదుపుగా వాడుకుంటారు. టీకి, కూరకు గ్యాసు. సంగటి కెలకడానికి, నీళ్ళు కాచుకోవడానికి, పెండ్లికి, తిథికి కట్టెల పొయ్యే. పైగా కరువు ఏడు కట్టె కొట్టడం, బొగ్గు కాల్చడం చాలా కుటుంబాలకు కూలి కూడా. నాగలి గురించి, ఎరువు గురించి రాసేవాళ్ళు చాలామంది. ఇంటింటా మూల నిలబడి వుండే చిన్న గొడ్డలి గురించి రాసేవాళ్ళు తక్కువ. అందుకే ఈసారి దాని సంగతి ముచ్చటిద్దాం.

మన కట్టె ఎటువంటిది?

పనిముట్టును ఎంచేముందు పనిని చూడాలి. ఈ సీమలో పొయ్యిలోకి వచ్చే కట్టెలో ఎక్కువ భాగం సర్కారు తుమ్మ. సీమజాలి అనండి, ఉట్టిగా కంప అనండి, ఒకటే చెట్టు. ఇది ఈ గడ్డ మీద పుట్టింది కాదు. తెల్లదొరల కాలంలో, 1870ల చివర, జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన పక్కనున్న కడప జిల్లా కమలాపురంలో నాటారు. కట్టెల కరువు తీరుతుందని తెచ్చిన చెట్టు చెరువులను, బీళ్ళను, వంకగట్లను కమ్ముకుంది. చేను పాడు చేసిందని రైతు దాన్ని తిడతాడు. వాన రాని ఏడు అదే చెట్టు కట్టెగా, బొగ్గుగా కూలీని బతికిస్తుంది.

దాని గుణం గమనించండి. ఒక మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు లేస్తాయి. ముంజేయి మందం, మహా అయితే పిక్క మందం. కొయ్య గట్టిది, ముల్లు చెడ్డది. అటువంటి కంపలో నిలబడి రెండు కిలోల గండ్రగొడ్డలిని తల మీదికి ఎత్తి వేయడానికి చోటే వుండదు. పై కొమ్మకు తగిలి దెబ్బ పక్కకు పోతుంది. కొడవలితోనా, అంత గట్టి కొయ్య తెగదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని పెద్దలు అన్నారు. చిన్న గొడ్డలితో పోయేదానికి గండ్రగొడ్డలి ఎందుకని మేము అంటున్నాం.

ఇంకొక సంగతి. కట్టెలకు పోయేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. సంతలో దొరికే గొడ్డలి మాత్రం మగవాని భుజాన్ని చూసి చేసింది. బరువు ఎక్కువైతే నాలుగు దెబ్బలకే మణికట్టు పీకుతుంది, గురి తప్పుతుంది. గొడ్డలిని వాడే మనిషే స్వయంగా చేత పట్టి చూసి కొనాలి. మగవాళ్ళు సంతకు పోయి ఆడవాళ్ళ గొడ్డలి తెచ్చే అలవాటు మానాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

తల బరువు ముక్కాలు కిలోకు అటూ ఇటూ వుంటే చాలు, కిలో దాటనక్కరలేదు. కామ రెండు జానలు, అంటే అడుగున్నర పొడవు సరిపోతుంది. గొడ్డలిని చేయి చాచి పట్టుకుని ఇరవై లెక్కపెట్టండి. ఆలోగా చేయి వణికితే ఆ గొడ్డలి మీది కాదు.

రంగు చూసి మోసపోవద్దు. ఎర్ర రంగో, నల్ల రంగో పూసి మెరిపించిన సరుకులో మెత్తటి ఇనుము వుండవచ్చు, పోత పోసిన పెళుసు ఇనుమూ వుండవచ్చు. రెండూ కట్టెకు పనికిరావు. తలను దారంతో వేలాడదీసి చిన్న రాయితో తట్టండి. ఖంగుమని మోగితే మంచిది. డబడబమంటే ఎక్కడో పగులు వుందని అనుమానించాలి. తర్వాత ఆకురాయితో అంచు మీద ఒక్కసారి గీయండి. ఆకురాయి వెన్నలో దిగినట్టు దిగితే ఉక్కు మెత్తన. గాజు మీద జారినట్టు జారితే బిరుసు ఎక్కువ. కొద్దిగా పట్టి, కొద్దిగా ఎదురు తిరిగితే అది సరైన పదం.

కొలిమి దగ్గర తరచుగా వినబడే మాట ఒకటి వుంది. "ఏమన్నా, మొన్న సంతలో కొన్న గొడ్డలి అప్పుడే మడుసుకునిందే" అంటుంది ఆడకూతురు. "ఉక్కు కాదుమ్మా అది, ఉట్టి ఇనుము. మెత్తగుంటే అంచు మడుసుకుంటాది, బిరుసెక్కువైతే పెచ్చు లేస్తాది" అంటాడు కమ్మరి. గొడ్డలి శాస్త్రమంతా ఆ రెండు ముక్కల్లోనే వుంది.

ఊరి కమ్మరి చేత చేయించుకుంటే అన్నిటికన్నా మేలు. పాత లారీ కమాను పట్టా ముక్క దొరికితే మంచి గొడ్డలి అవుతుంది. ఆ ఉక్కులో నూటికి అర వంతుకు కాస్త అటూ ఇటూ కర్బనం వుంటుంది. గట్టిదనానికి కర్బనం కావాలి, దెబ్బకు ఓర్చుకోవడానికి అది మితంగా వుండాలి. కమాను పట్టాలో ఈ రెండూ కుదురుతాయి.

కాల్చి ముంచడం దగ్గర జాగ్రత్త అవసరం. అంచు పండిన రేగుపండు ఎరుపు తిరిగేదాకా కాలాలి. వేడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి అయస్కాంతం వాడవచ్చు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆపైన ఇంకొంచెం కాల్చి ముంచాలి. కమాను ఉక్కును నీళ్ళలో ముంచితే పగిలే ప్రమాదం వుంది, నూనెలో ముంచడం క్షేమం. ముంచిన అంచు గాజులా పెళుసుగా వుంటుంది. దాన్ని తుడిచి, మెరిసేట్టు రుద్ది, వెనక వైపు నుంచి మెల్లగా మళ్ళీ వేడి చేయాలి. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత ఊదా, నీలం నడిచి వస్తాయి. అంచుకు ఊదా రంగు అందుతుండగా ఆపేయాలి. అది సుమారు 280 డిగ్రీల వేడి. నీలం దాటిపోతే అంచు మెత్తబడుతుంది.

కామ సంగతి

తల ఎంత మంచిదైనా కామ చెడ్డదైతే ప్రాణం మీదికి వస్తుంది. నల్లతుమ్మ, చిరుమాను మన దగ్గర కామకు పేరుపడ్డ కొయ్యలు. ముడి వుండకూడదు. ఈనె ఈ కొస నుంచి ఆ కొసకు నిలువుగా సాగాలి. అడ్డంగా తెగిపోతే అక్కడే విరుగుతుంది. పచ్చికొయ్యతో కామ వేస్తే అది ఎండి సన్నబడి తల వదులవుతుంది. నీడన ఆరిన కొయ్యే వాడాలి.

పై నుంచి దూర్చే కామకు మందపు కొస పైకి వుంటుంది కాబట్టి దెబ్బ కొట్టే కొద్దీ తల బిగుసుకుంటుంది. కింది నుంచి ఎక్కించి పైన కొయ్యచీల కొట్టే రకమైతే చీలను అప్పుడప్పుడు చూసుకోవాలి. తల వదులైందని రాత్రి నీళ్ళ తొట్టిలో వేసే అలవాటు చాలా ఇళ్ళలో వుంది. నీళ్ళకు కొయ్య ఉబ్బుతుంది, బెజ్జంలో ఇరుక్కుని నలుగుతుంది, ఎండగానే ముందుకన్నా వదులవుతుంది. దానికి బదులు కొత్త చీల కొట్టండి. కామకు రంగు వద్దు. రంగు కింద పగులు కనిపించదు. అవిసె నూనె గానీ, కుసుమ నూనె గానీ పలచగా రుద్దితే చాలు.

పదును పెట్టడం

ఈ గడ్డ మీద గొడ్డలికి పదును పెట్టడం నిన్న మొన్నటి విద్య కాదు. 1882లో ప్రత్యేక జిల్లా కాకముందు మన అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. ఆ బళ్ళారి పక్కన సంగనకల్లు గుట్టల దగ్గర వేల ఏళ్ళ కిందట నల్లరాయితో గొడ్డళ్ళు చేసేవారు. వాటిని బండల మీద నీళ్ళతో నూరి అంచు తీసేవారు. నూరగా పడ్డ గాళ్ళు ఆ బండల మీద వున్నాయి. రాయి పోయి ఉక్కు వచ్చింది. అంచు నూరే పద్ధతి మాత్రం అదే.

ముందు గొడ్డలిని కదలకుండా బిగించాలి. రెండు మేకుల మధ్య పెట్టి కాలితో తొక్కిపట్టినా సరే. ఆకురాయితో రెండు పక్కలా సమంగా, ఒకే దిక్కుకు తోయాలి; వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి. అంచును కత్తిలా పలచగా తీయవద్దు. సర్కారు తుమ్మ లాంటి గట్టి కొయ్యకు పలచని అంచు నిలవదు. చింతపిక్క పక్క చూడండి, ఉబ్బెత్తుగా వచ్చి సన్నబడుతుంది. గొడ్డలి అంచు అలా వుండాలి. రెండు పక్కలూ కలిసే కోణం 30 డిగ్రీల చుట్టూ వుంటే సరిపోతుంది.

ఆకురాయి పని అయ్యాక సానరాయి. ముందు కరుకు పక్క, తర్వాత నున్న పక్క, నీళ్ళు చల్లుతూ గుండ్రంగా తిప్పాలి. ఒక పక్క నూరితే రెండో పక్కకు సన్నటి రేకు లేస్తుంది. పక్క మార్చి మార్చి ఆ రేకు పోయేదాకా నూరాలి. ఎండలో అంచును ఎదురుగా పెట్టి చూడండి. ఎక్కడైనా తళుక్కుమంటే అక్కడ మొద్దు వుంది. పదునైన అంచు మెరవదు.

కరెంటు సాన మీద పెట్టించేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. నిప్పురవ్వలు ఎగురుతుంటే పని జరుగుతోందని సంబరపడతాం. అంచు నీలం రంగు తిరిగిందా, కమ్మరి పెట్టిన పదమంతా చచ్చినట్టే. ఆపి ఆపి నీళ్ళలో ముంచుతూ పెట్టమని గట్టిగా చెప్పండి.

వాడకం

చిన్న గొడ్డలి కామ పొట్టిది. గురి తప్పితే పెద్ద గొడ్డలి నేలలో దిగుతుంది, చిన్న గొడ్డలి మోకాటి కిందికి వస్తుంది. అందుకే కట్టె చీల్చేటప్పుడు నిలబడవద్దు. మోకాళ్ళ మీద కూర్చుని, ముందు ఒక మొద్దు వేసుకుని దాని మీద కొట్టండి. బండ మీద కొడితే అంచు పోతుంది. సన్నకట్టెను చేత్తో పట్టుకుని కొట్టే అలవాటు వేళ్ళు తీస్తుంది. అంచును కట్టె కొసకు ఆనించి, రెండూ కలిపి ఎత్తి మొద్దు మీద కొట్టండి. కట్టె దానంతట అదే చీలుతుంది.

కంపలోకి పోయేటప్పుడు ముందు పంగలకర్రతో ముళ్ళ కొమ్మలు పక్కకు తీయాలి. కాలికి గట్టి చెప్పులు వుండాలి. పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు. కొమ్మను మొదట్లో, నేలకు దగ్గరగా, ఏటవాలుగా నరకాలి. పదును గొడ్డలితో శుభ్రంగా తెగిన మోడు త్వరగా చిగురిస్తుంది. మొద్దు గొడ్డలితో నలిగిన మోడు చీలి పుచ్చుతుంది. పచ్చిగా వున్నప్పుడే చీల్చుకోండి, ఎండితే రాయి అవుతుంది. చీల్చినదాన్ని ఎండలో రెండు మూడు నెలలు పేర్చి వుంచితే పొగ తగ్గుతుంది, కట్టె తక్కువ పడుతుంది. ఇంటికి వచ్చేటప్పుడు అంచుకు పాత సైకిల్ టైరు ముక్క తొడగండి.

చట్టం మాట

అడవి మీద సర్కారు పట్టు పాతది. మద్రాసు అటవీ చట్టం 1882 నాటిది; సరిగ్గా మన జిల్లా ఏర్పడిన ఏడే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 నాటిది. రిజర్వు అడవిలో నరికితే కట్టెతో పాటు గొడ్డలిని కూడా పట్టుకునే అధికారం అటవీ శాఖకు వుంది. పేదవాడికి గొడ్డలి పోవడమంటే కూలి పోవడం. ఇతర చోట్ల కూడా చెట్టు కొట్టడానికి అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. కంప కొట్టుకోవడానికి ఏ భూమిలో వీలుందో అధికారులను ముందే అడిగి తెలుసుకోండి. ఒక్కరు కాకుండా పదిమంది కలిసి పోయి అడగండి. వేప, కానుగ, చింత జోలికి పోవద్దు. అవి నీడనిచ్చే చెట్లు, కరువు సీమలో నీడ కూడా ఆస్తే.

కొలిమి నిలబడాలి

వెనక కమ్మరికి మేర వుండేది. కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడే ఆయన వంతు పక్కన పెట్టేవారు. జొన్న, కొర్ర పోయి వేరుశనగ వచ్చింది, నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది, కర్రు కాల్చే పని తగ్గింది, మేర మాయమయింది. కొలిమి ఆరిన ఊళ్ళో గొడ్డలికి పదం పెట్టేవాడు లేక జనం సంతలో రంగు సరుకు కొని ఏడాదికొకటి పారేస్తున్నారు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం విశ్వకర్మ పథకం పెట్టింది. అందులో కమ్మరి కూడా వున్నాడు. పనిముట్లకు 15 వేల రూపాయలు, తర్వాత అప్పు అన్నారు. అప్పు ఇస్తే చాలదు, పని ఇవ్వాలి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పనుల్లో కంప కొట్టించారు, గుంతలు తవ్వించారు. కూలి పనులకు వాడే గొడ్డలి, పార, గడ్డపార ఊరి కొలిమిలోనే చేయించి, అక్కడే పదును పెట్టించి, ఆ ఖర్చు సర్కారే భరించాలని కూలి సంఘాలు అడగాలి.

అంతవరకు మన చేతిలో వున్నది మనం చేయవచ్చు. పది ఇళ్ళు కలిసి ఒక మంచి ఆకురాయి, ఒక సానరాయి కొనుక్కోండి. నెలకొక రోజు రచ్చబండ దగ్గర గొడ్డళ్ళన్నీ నూరుకోండి. కమ్మరి వున్న ఊళ్ళో ఆయనకు పని చెప్పండి, కూలి సరిగా ఇవ్వండి. వానను మనం తేలేం. మొద్దు గొడ్డలితో ఒక మోపుకు రెండు మోపుల చాకిరీ చేయకుండా మాత్రం చూసుకోగలం.