మీకు తెలుసా? ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్ల నెత్తిన కొక్కేలు ఎందుకు?

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లినవాళ్లు ఎక్కువగా కాలువల్లో పడవ షికారు చేసి, మ్యూజియం చూసి తిరిగొస్తారు. అసలు రేవు పట్నం కనిపించాలంటే మాత్రం తలెత్తి ఇళ్ల పైభాగం చూడాలి. కాలువ ఒడ్డున చాలా పాత ఇళ్లకు కప్పు దగ్గర ఒక దూలం ముందుకు పొడుచుకొచ్చి, దానికో ఇనుప కొక్కెం ఉంటుంది. 17వ శతాబ్దంలో ఎందరో వర్తకులు కింద కాపురం ఉంటూ అటకను గోదాముగా వాడుకునేవారు. పడవలో దిగిన సరుకును తాడు, కప్పీలతో పైకి లాగేవారు. మూటలు గోడకు రాసుకోకుండా ఇంటి ముఖాన్నే కాస్త ముందుకు వాల్చి కట్టినవీ ఉన్నాయి.

కొక్కేలు ఇంటి సామాను ఎక్కించడానికేగా అనవచ్చు. నిజమే, మెట్లు మరీ ఇరుకు. సోఫాలూ బీరువాలూ ఇప్పటికీ అలా ఎక్కుతుంటాయి. కానీ బ్రౌవర్స్‌గ్రాక్ట్ కాలువ మీది పాత గోదాముల్లో ప్రతి అంతస్తుకూ నడిమధ్యన చెక్క తలుపులు, ఒకదాని మీద ఒకటి. సోఫా కోసం అన్ని తలుపులు ఎవరు పెడతారు? ఆ గోదాముల వర్తకుల సంపదలో బానిసల చెమట లేదా అంటే, ఉంది. 2021 జులై 1న నగర మేయరే అందుకు క్షమాపణ చెప్పారు. అందుకే ఈ ఇళ్లను అందానికి కాక, వ్యాపారానికి సాక్ష్యంగా చూడటమే సబబు. ఆ వ్యాపారంలో మనవాళ్ల చేతిపనీ ఉంది: 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో స్థావరం పెట్టి, కోరమాండల్ తీరపు అద్దకం బట్టలను హాలెండ్‌కు చేర్చింది.