తాతయ్య తుపాకీ పుట్టిన ఏడు

సింగపూర్ సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి మెట్లు దిగుతుంటే బాబాయ్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో మూడు ఫోటోలు వచ్చాయి. తాతయ్య తుపాకీ. ఆయన పోయాక దాన్ని లైసెన్సున్న డీలరు దగ్గర అప్పజెప్పారు. ఫోటోలు అక్కడ తీసినవే. వారసుడిగా బాబాయ్ లైసెన్సుకు దరఖాస్తు పెడుతున్నాడు, అందులో తుపాకీ వివరాలు రాయాలి. "అల్లూరి వారు స్టేషన్ల మీద పడ్డ కాలం నాటిదిరా ఇది. తెల్లోళ్ల సరుకు. ఏ సంవత్సరమని రాయను?" అని అడిగాడు.

నర్సీపట్నం చుట్టుపక్కల పాత తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. 1922 ఆగస్టులో మూడు రోజుల వరసన, 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లలో ఆయుధాలు పోయిన మాట నిజం. అవన్నీ మా తాతయ్య అటక మీదికే చేరాయంటే మాత్రం నమ్మడం కష్టం.

కథను పక్కనబెట్టి ఇనుమును చదవాలి. మన దేశంలో కనిపించే బోల్టు రైఫిళ్లలో చాలావాటికి మూలం బ్రిటిష్ వాళ్ల లీ ఎన్‌ఫీల్డ్. ఫోటోలోదీ ఆ పోలికే. దీని జాతకం రాసి ఉండే చోటు చెక్క మడమ ఇనుముతో కలిసే దగ్గర, కుడిపక్కన, బోల్టు పిడి కింద. పాత సైనిక రైఫిలైతే అక్కడ పైన కిరీటం, దాని కింద రాజుగారి పొడి అక్షరాలు, తర్వాత ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, నమూనా ఉంటాయి. వి.ఆర్. అంటే విక్టోరియా, అంటే 1901 లోపు. ఇ.ఆర్. అంటే ఏడో ఎడ్వర్డ్, 1910 దాకా. జి.ఆర్. దగ్గర జాగ్రత్త: ఐదో జార్జికీ ఆరో జార్జికీ అవే అక్షరాలు. కాబట్టి అక్షరాలను బట్టి కాలం అంచనా వేసుకోవాలే తప్ప, ఏడు తేల్చడానికి అంకెలే చూడాలి.

చాలామంది తడబడేది ఇంకోచోట. నమూనా పుట్టిన ఏడు వేరు, మీ చేతిలోని తుపాకీ పుట్టిన ఏడు వేరు. మన పోలీసుల భుజాన చూసి చూసి 'త్రీ నాట్ త్రీ' అని పిలుచుకున్న మార్క్ 3 నమూనా 1907 నాటిది. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1916లో, ఖర్చూ పనీ తగ్గించడానికి కొన్ని భాగాలు తీసేసి, నమూనా పేరు పక్కన ఒక నక్షత్రం గుర్తు చేర్చారు. ఆ నమూనానే బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ స్వాతంత్ర్యం తర్వాత కూడా తయారుచేసింది. 1960లలో అదే ఆకారంలో 7.62 మిల్లీమీటర్ల తూటాకు కొత్తది చేశారు. దూరం నుంచి చూస్తే రెండూ కవల పిల్లలే. కింద మ్యాగజైన్ పెట్టె మరీ చదరంగా కనిపిస్తే అది కొత్తది.

ఇంకో చిక్కు. తుపాకీ కూడా ఎడ్లబండి లాంటిదే. చక్రం ఒక ఏడు మారుస్తారు, కాడి ఇంకో ఏడు. గొట్టం అరిగితే మార్చారు, చెక్క పగిలితే మార్చారు. మడమ దగ్గరి అంకె ఆ ఇనుప చట్రం వయసు మాత్రమే చెబుతుంది. గొట్టం మీద ఇంకో సంవత్సరం ఉండవచ్చు. బోల్టు పిడి మీది నంబరూ చట్రం మీది నంబరూ ఒకటేనా అని చూడాలి. వేరైతే ఎప్పుడో మార్పు జరిగిందన్నమాట. ముద్ర కనిపించడం లేదని గరుకు కాగితం పెట్టి రుద్దేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కొంచెం నూనె అద్దిన గుడ్డతో తుడిచి, టార్చి పక్కవాటుగా పట్టి ఫోటో తీస్తే చాలు, అరిగిన అక్షరం కూడా లేచి కనిపిస్తుంది. అంతకంటే ముందు, తుపాకీ ఖాళీగా ఉందని లైసెన్సుదారో డీలరో బోల్టు తెరిచి చూసి చెప్పాలి.

మా ఫోటోలో కిరీటం లేదు. నాలుగు సింహాల ముద్ర ఉంది. కింద ఆర్.ఎఫ్.ఐ., అంటే రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్. సంవత్సరం 1974. గొట్టం మీద .315 అని ఉంది.

ఈ .315 వెనక బ్రిటిష్ వాళ్ల భయం ఉంది. సైన్యం వాడే తూటా జనం తుపాకుల్లో పట్టకూడదని, అలాంటి కొలతలను ఇక్కడ పౌరులకు నిషేధించారు. దాంతో వేట తుపాకుల వాళ్లు సైన్యం దగ్గర లేని కొలతలు వెతుక్కున్నారు. .303 అంటే అంగుళంలో 303 వేయో వంతులు, సుమారు 7.7 మిల్లీమీటర్లు. .315 అంటే 8 మిల్లీమీటర్లు. తేడా వెంట్రుకవాసి, చట్టంలో మాత్రం ఆకాశమంత. .303 ఇవాళ్టికీ నిషేధిత కొలతే, .315 మామూలు లైసెన్సుకు దొరికేది. దెబ్బలు తిన్న పాలకుల ముందుజాగ్రత్త మన లైసెన్సు పుస్తకాల్లో ఇంకా బతికే ఉంది.

నేనుండే సింగపూర్‌లో ఈ చదువుకు ఇంకో పాఠం ఉంది. 1942 ఫిబ్రవరి 15న బ్రిటిష్ సైన్యం ఇక్కడ లొంగిపోయినప్పుడు దాని రైఫిళ్లు జపాను వాళ్ల పరమయ్యాయి. ఆజాద్ హింద్ ఫౌజు సిపాయిలు మోసినవి చాలావరకు అవే. అంటే బ్రిటిష్ ముద్ర ఉన్నంత మాత్రాన బ్రిటిష్ వాళ్ల తరఫున పేలిందని చెప్పలేం. జపాను వాళ్ల సొంత అరిసాకా రైఫిళ్ల పేర్లు మరీ తికమక పెడతాయి. టైప్ 38లోని 38 మేజీ చక్రవర్తి పాలనలో 38వ ఏడు, అంటే 1905. టైప్ 99లోని 99 వాళ్ల రాజవంశ శకం 2599లో చివరి రెండంకెలు, అంటే 1939. రెండూ నమూనా ఏళ్లే, తయారీ ఏళ్లు కావు. లొంగిపోయాక చాలా తుపాకుల మీది పదహారు రేకుల చామంతి ముద్రను గీకేశారు. గీకిన ఆ మచ్చ కూడా చదవాల్సిన అక్షరమే.

ఇక్కడ మాత్రం ఇంట్లో తుపాకీ అన్న మాటే లేదు. లైసెన్సు లేకుండా ఆయుధమో తూటానో దొరికితే అయిదు నుంచి పదేళ్ల జైలు, కనీసం ఆరు బెత్తం దెబ్బలు. ఇక్కడ పెరిగిన మన పిల్లలు నేషనల్ సర్వీసులో సార్ 21 రైఫిల్ మోస్తారు, దాని నంబరు కంఠతా పడతారు, తర్వాత తిరిగి ఇచ్చేస్తారు. ఊరినుంచి వచ్చేవాళ్లకు ఒక మాట: తాతగారి జ్ఞాపకమని పాత తూటా సామానులో వేసుకుని చాంగీలో దిగొద్దు.

సంగతి చెప్పగానే బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. "1974 అంటే నీకంటే చిన్నది గదా బాబాయ్" అన్నాను. "మీ తాతయ్య మరి ఎందుకలా చెప్పాడంటావ్?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఇనుము మీద జవాబు లేదు. డీలరు ఇచ్చిన రసీదు ఫోటో పంపమన్నాను. అందులో 'బ్రిటిష్ రైఫిల్, 303' అని రాసి ఉంది. దరఖాస్తు పెట్టేలోపు ఆ రెండు మాటలూ దిద్దించుకోమని చెప్పాను.