ఎండాకాలపు అంగడిలో నీటి లెక్క

పిల్లలూ! వేసవి సెలవుల్లో అమ్మ మీ చేతికి సంచి ఇచ్చి కూరగాయలకు పంపితే విసుక్కుంటున్నారా? ఈసారి విసుక్కోకండి. సంచితో పాటు ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు కూడా పట్టుకొని వెళ్లండి. మీ పాఠ్యపుస్తకంలో బాష్పోత్సేకం, ద్రవాభిసరణ, గుప్తోష్ణం అని వేరువేరు పాఠాలుగా చదివినవన్నీ అక్కడ ఒకే వరుసలో గంపలు పెట్టుకొని కూర్చుని ఉంటాయి.

హైదరాబాదుకు తూర్పు వైపున ఉప్పల్, నాచారం ఉన్నాయి. ఒక పక్క పారిశ్రామికవాడ, మరొక పక్క జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఉప్పల్ రోడ్డు మీద పైన మెట్రో రైలు. ఇంత హడావిడి నడుమ కూడా వారానికొకనాడు వీధి పొడవునా అంగడి కూర్చుంటుంది. కొంత సరుకు పెద్ద మార్కెట్ల నుంచి ఆటోలలో వస్తుంది. కొంత నగరం చుట్టుపక్కల పల్లెల నుంచి, తెల్లవారుజామున కోసినవాళ్ల చేతులమీదుగానే వస్తుంది. ఈ రెండో రకంవాళ్ల కోసమే 1999 జనవరి 26న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలుపెట్టారు. దళారి లేకుండా రైతే అమ్ముకోవాలి, ఆ రోజు ధర బోర్డు మీద రాసి ఉండాలి, అదీ ఏర్పాటు. కానీ మే నెలలో ఆ బోర్డు మీదికి ఎక్కని లెక్క ఒకటుంది. అది నీటి లెక్క.

ముందుగా ఆకుకూరల గంప దగ్గర ఆగండి. ఉదయం ఏడు గంటలకు నిగనిగలాడే పాలకూర కట్ట పదకొండు గంటలకు తల వాల్చేస్తుంది. ఎందుకు? కోసిన ఆకు చచ్చిపోయిందని మీరనుకుంటారు. కాదు. అది బ్రతికే ఉంది. శ్వాసిస్తూనే ఉంది. నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంది. వేరు తెగిపోయింది కనుక కొత్త నీరు మాత్రం రాదు. అంటే రాబడి ఆగిపోయి ఖర్చు మాత్రం సాగుతున్న సంసారం వంటిది. 100 గ్రాముల ఆకుకూరలో సుమారు 90 గ్రాములు నీరే. అందులో ఒక 5 గ్రాములు పోతే చాలు, చాలా ఆకుకూరలు వాడిపోయినట్లు కనబడతాయి. పైగా ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. జనవరిలో సాయంత్రం దాకా నిలిచే కట్ట మేలో మధ్యాహ్నానికే నీరసించడంలో ఆశ్చర్యమేముంది?

ఒకనాడు పదకొండున్నరకు నేను ఒక అవ్వ దగ్గర తోటకూర బేరం చేశాను. ఆమె అలసటగా నవ్వి, “తీస్కపో సారూ, ఎంతనన్న ఇయ్యి. గింకో గడియ ఆగితె గిది పసులకే” అంది. ఆ మాట విన్నాక నాకు బేరం చేయబుద్ధి కాలేదు. ఉదయం నుంచి ఆమె నష్టపోయినది నాలుగు గంటల ఎండకు ఎగిరిపోయిన కొద్దిపాటి నీరు. ఆ కొద్దిపాటి నీటితోనే ఆమె సగం ధర కూడా ఎగిరిపోయింది.

ఇప్పుడు ఆమె గంపనే జాగ్రత్తగా చూడండి. కట్టల మీద తడి గోనెసంచి కప్పి ఉంటుంది. అప్పుడప్పుడు నీళ్లు చిలకరిస్తుంది. చాలామంది ఇది కూరను తళతళలాడించి కొనేవాళ్లను మోసం చేయడానికని అనుకుంటారు. నిజానికి ఇది చక్కని భౌతికశాస్త్రం. గోనెలోని నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, కింద గాలి చల్లబడుతుంది. ఆ గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది గనుక ఆకులోని నీటికి బయటికి పోయే తొందర తగ్గుతుంది. గోనె తన నీటిని ఖర్చుచేసి ఆకు నీటిని కాపాడుతుందన్నమాట. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు 1980ల్లో ఇదే సూత్రంతో కరెంటు అక్కరలేని చల్లని గది తయారుచేశారు. ఇటుకలతో రెండు గోడలు, వాటి మధ్య ఇసుక, ఆ ఇసుకను రోజూ తడపడం, అంతే. వీధి పక్కన కూర్చునే అవ్వకు ఇటుకల గది ఎక్కడిది? గోనెపట్టాయే ఆమెకు గది.

అయితే ఒక జాగ్రత్త. చిలకరించే నీరు ఎక్కడిదో మనకు తెలియదు. మూసీ నది నగరపు మురుగును మోసుకొని ఉప్పల్ పక్కగా తూర్పుకు సాగుతుంది. ఆ నీటితో పీర్జాదిగూడ వైపు పశుగ్రాసం, ఆకుకూరలు పండించడం మీద శాస్త్రజ్ఞులు ఎన్నో పరిశోధనలు చేశారు. మురుగునీటి సేద్యం గురించి 2002 నవంబరులో చేసిన ఒక అంతర్జాతీయ ప్రకటనకు మన హైదరాబాదు పేరే ఉంది. కనుక ఆకుకూర ఎక్కడ కొన్నా మంచినీటితో రెండు మూడు సార్లు కడిగి, బాగా ఉడికించి తినాలి. పచ్చి కొత్తిమీరకైతే ఇంకా జాగ్రత్త కావాలి.

కొత్తిమీర అనగానే గుర్తొచ్చింది. చలికాలంలో కూరగాయలు కొంటే ఊరికే చేతిలో పెట్టే కొత్తిమీర, మేలో అడిగితే అమ్మేవాళ్లు మొహం చిట్లిస్తారు. అది చలికాలపు మొక్క. ఎండ ముదిరితే ఆకు వేయడం మానేసి తొందరగా పూతకు వస్తుంది. నీడవలల కింద జాగ్రత్తగా పెంచినవాళ్లకే దక్కుతుంది. మరి అదే ఎండలో తోటకూర ఎలా ఏపుగా పెరుగుతోంది?

ఇందులో పెద్ద రహస్యమే ఉంది. ఆకు ఆహారం తయారు చేసుకోవాలంటే పత్రరంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును లోనికి తీసుకోవాలి. తలుపు తీస్తే గాలి లోనికి వస్తుంది, కానీ నీరు బయటికి పోతుంది. తోటకూర ఆ వాయువును ముందు నాలుగు కర్బన పరమాణువులున్న ఒక ఆమ్లంగా పట్టి, దానిని ఆకు లోపలి కణాలకు చేరవేసి అక్కడ వాడుకుంటుంది. కనుక తలుపు ఓరగా తెరిచినా దానికి సరిపోతుంది. చెరకులో ఈ పద్ధతిని వివరించినవారు ఆస్ట్రేలియాలో పనిచేసిన హాచ్, స్లాక్ అనే శాస్త్రజ్ఞులు. అది 1966లో. మీరు పై తరగతుల్లో దీనినే సి-4 పద్ధతి అని చదువుతారు.

తోటకూరను మించిన గడుసుది గంగవాయిలి కూర. ఎర్రని కాడలు, మందమైన చిన్న ఆకులు. పప్పులో వేస్తే కమ్మగా పుల్లగా ఉంటుంది. మామూలుగా ఇదీ తోటకూర పద్ధతిలోనే నడుస్తుంది. నీటికి కటకట వచ్చినప్పుడు మాత్రం పగలు తలుపులు దాదాపుగా మూసేస్తుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి, వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకొని, పగలు తలుపులు మూసుకునే ఖర్చు పెట్టుకుంటుంది. రాత్రంతా చేరిన ఆమ్లం తెల్లవారేసరికి ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి తగ్గిపోతుంది. రణపాల ఆకు ఇలాగే ఉదయం పుల్లగా, మధ్యాహ్నం చప్పగా ఉంటుందని నమిలి చూసి 1813లో ఇంగ్లండుకు ఉత్తరం రాసినవాడు బెంజమిన్ హెయిన్. ఆయన అంతకు పూర్వం మన సామర్లకోటలోని కుంపినీవారి తోటను చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు. చూశారా, ఒక గొప్ప పరిశీలనకు ఆయన వాడిన పరికరం నాలుక!

ఇక కాయల వైపు రండి. బీర, సొర, కాకర, దోస, పొట్ల, దొండ, గుమ్మడి, పుచ్చ అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. పుచ్చకాయలో 100కి 92 పాళ్లు నీరు. దోసలో ఇంకా ఎక్కువ. అయినా పుచ్చకాయ ఎండలో గుట్టగా పడి ఉన్నా వాడదు. ఒక చిన్న లెక్క చేద్దాం. పుచ్చకాయను 20 సెం.మీ. వ్యాసమున్న గోళం అనుకోండి. ఉపరితలం సుమారు 1,257 చదరపు సెం.మీ., ఘనపరిమాణం 4,189 ఘన సెం.మీ. అంటే ఒక్కొక్క ఘన సెంటీమీటరుకు 0.3 చదరపు సెం.మీ. ఉపరితలం. అర మిల్లీమీటరు మందం ఉన్న ఆకుకు? రెండు ముఖాలూ కలిపి ఒక ఘన సెంటీమీటరుకు 40 చదరపు సెం.మీ.! నీరు పారిపోవడానికి ఆకుకు పుచ్చకాయ కంటే 130 రెట్లకు పైగా దారులున్నాయి. దానికి తోడు కాయ తొక్క మీద మైనపు పూత. బూడిద గుమ్మడికాయ మీద వేలితో గీస్తే తెల్లగా అంటుతుంది కదా, అది బూడిద కాదు, మైనమే. ఆ పూత చెదరకపోతే కాయ నెలల తరబడి నిలుస్తుంది. కనుక కొనేటప్పుడు గోళ్లతో గీకి చూసే అలవాటు మానుకోండి. కాయ లేతదో కాదో మీకు తెలుస్తుందేమో గాని, మీరు వదిలేసిన కాయకు చేసిన గాయంలోంచి నీరు పోతుంది, బూజు లోనికి వస్తుంది.

టమాటాల సంగతి వేరు. రాత్రులు కూడా వేడిగా ఉంటే టమాటా పూత రాలిపోతుంది, పిందె పట్టదు. అందుకే వేసవిలో, ఎత్తైన చోట ఉండి కాస్త చల్లగా ఉండే మదనపల్లె టమాటాలు ఇంత దూరం వస్తాయి.

తాటి ముంజల దగ్గర తప్పక ఆగండి. కాయకు సాధారణంగా మూడు ముంజలు. ఆ తీయని నీరు, ఆ జిగురు గుజ్జు ఏమిటనుకున్నారు? మొలకెత్తబోయే మొక్క కోసం తాటిచెట్టు దాచిన ఆహారం, అంకురచ్ఛదం. కొబ్బరి నీళ్లూ అదే. రెండు మూడు వారాలు ఆలస్యమైతే అది గట్టిపడి రాయిలా అవుతుంది. ముంజలమ్మే మనిషి కత్తి ఎంత చురుకుగా ఆడుతుందో చూడండి. కాలంతో పందెం వేసినవాళ్లకే ఆ చురుకుదనం వస్తుంది.

అంగడి చివర రంజన్లు పెట్టుకొని కుమ్మరి కూర్చుంటాడు. మట్టికుండ గోడలోని సన్నని రంధ్రాలగుండా నీరు ఊరి, పైకి వచ్చి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. 10 లీటర్ల రంజన్‌లో 200 గ్రాముల నీరు ఇలా పోయిందనుకోండి. 1,16,000 కేలరీలు పోయాయి. బయటి నుంచి వేడి లోనికి రాకుండా ఉంటే మిగిలిన నీరు దాదాపు 12 డిగ్రీలు చల్లబడాలి. బయటి వేడి వస్తూనే ఉంటుంది గనుక అంత చల్లబడదు. పొడిగాలి వీచే మన హైదరాబాదులో రంజన్ బాగా పనిచేస్తుంది. అదే రంజన్ తేమగాలి వీచే విశాఖపట్నంలో అంతగా పనిచేయదు. ఎందుకో మీరే చెప్పగలరు.

పచ్చి మామిడికాయలు కుప్పలుగా ఉంటాయి. ఆవకాయ ముక్కలకు ఉప్పు పట్టించగానే ఊట ఊరుతుంది. ఉప్పు ముక్కలోని నీటిని ద్రవాభిసరణ ద్వారా బయటికి లాగుతుంది. ముక్క మీద వాలిన సూక్ష్మజీవుల నీటినీ అలాగే లాగేస్తుంది. అందుకే ఏడాదంతా తొక్కు నిలుస్తుంది.

పండిన మామిడి గురించి మాత్రం కాస్త ఎక్కువగానే చెప్పాలి. మామిడి తనంతట తానే ఎథిలీన్ అనే వాయువును విడిచి పండుతుంది. ఈ వాయువు మొక్కల పెరుగుదలను మారుస్తుందని 1901లో రష్యాలో నెల్యుబోవ్ బఠాణీ మొలకల మీద కనిపెట్టాడు. పండే ఆపిల్ పళ్లే దానిని తయారు చేస్తాయని 1934లో ఇంగ్లండులో గేన్ రుజువు చేశాడు. మన తాతలు ఈ పేర్లు తెలియకుండానే కాయలను వరిగడ్డిలో మాగవేసి ఆ వాయువు పారిపోకుండా పట్టి ఉంచారు. తొందరపడే వ్యాపారులు కొందరు కాల్షియం కార్బైడు పొట్లాలు గంపల్లో పెడతారు. కాయల నుంచి వచ్చే తేమ తగిలితే దాని నుంచి ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. అది ఎథిలీన్‌లా నటించి తొక్కను పసుపుపచ్చగా మారుస్తుంది. చూశారా, ఇక్కడా నీరే! బజారు కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరం మాలిన్యాలుంటాయి. అందుకే పండ్లను దీనితో పండించడాన్ని చట్టం నిషేధించింది. ఎథిలీన్ వాయువును మాత్రం పది లక్షల పాళ్లకు 100 పాళ్ల వరకు గదుల్లో వాడనిస్తుంది. రంగు చూసి మాత్రమే ఏది ఎలా పండిందో నేనూ చెప్పలేను. నేను చేసేదేమిటంటే, ఋతువు మొదట్లో తొందరపడి కొనను. గట్టి కాయలు తెచ్చి ఇంట్లోనే గడ్డిలో మాగవేస్తాను. నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి, అంతే.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఉదయం ఒకే తూకం గల మూడు తోటకూర కట్టలు కొనండి. ఒకటి ఎండలో, ఒకటి నీడలో, ఒకటి నీడలోనే తడి గోనెగుడ్డ కింద పెట్టండి. గంటకొకసారి కిరాణా కొట్టు త్రాసు మీద తూచి, తూకాలు మూడు వరుసల్లో రాయండి. మూడోదాన్ని తూచే ముందు పైని తడి తుడవడం మరచిపోకండి. ఎన్ని గంటలకు ఏ కట్ట 100కి 5 పాళ్లు పోగొట్టుకుందో చూసి, ఆ కాగితం జేబులో పెట్టుకొని వచ్చే వారం పదకొండున్నరకు అంగడికి వెళ్లండి.