ఐసెట్ లెక్కలు: పదో తరగతి గణితం చాలు.. కానీ ప్రశ్నను పూర్తిగా చదవాలి

డిగ్రీలో బీఏ, బీకాం చదివారు. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం తెరవలేదు. ఇప్పుడు ఎంబీఏ చేద్దామంటే ఐసెట్ రాయాలి. అందులో గణితానికే 75 మార్కులు. జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో డిగ్రీ పూర్తిచేసి, హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో చిన్న ఉద్యోగం చేసుకుంటూ, ఫోన్‌లో ఒక మాక్ టెస్ట్ రాసి "లెక్కలు మనవల్ల కావులే" అని పక్కన పెట్టేశారా? అయితే ఇది మీకోసమే.

ఐసెట్‌లో అడిగే లెక్కల్లో ఎక్కువ భాగం మీరు పదో తరగతిలోపు చదివినవే. మార్కులు పోయేది చాలాసార్లు లెక్క రాక కాదు, ప్రశ్న ఏం అడిగిందో గమనించకపోవడం వల్ల. అదెలాగో కొన్ని ఉదాహరణలతో చూద్దాం.

పరీక్ష ఎలా ఉంటుంది?

తెలంగాణలో ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు ఉన్నత విద్యామండలి తరఫున ఒక విశ్వవిద్యాలయం టీజీ ఐసెట్ నిర్వహిస్తుంది. 2024లో ఆ బాధ్యత వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయానిది. 2025లో నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం నిర్వహించింది. ఆ రెండేళ్లూ పరీక్ష జూన్‌లోనే జరిగింది.

మొత్తం 200 ప్రశ్నలు, 200 మార్కులు. సమయం 150 నిమిషాలు. కంప్యూటర్ మీద రాయాలి. మూడు సెక్షన్లు ఉంటాయి.

- సెక్షన్ ఎ, అనలిటికల్ ఎబిలిటీ: 75 ప్రశ్నలు. ఇందులో డేటా సఫిషియెన్సీ 20, ప్రాబ్లం సాల్వింగ్ 55.
- సెక్షన్ బి, మ్యాథమెటికల్ ఎబిలిటీ: 75 ప్రశ్నలు. అంకగణితం 35, బీజగణితం-రేఖాగణితం 30, స్టాటిస్టిక్స్ 10.
- సెక్షన్ సి, కమ్యూనికేషన్ ఎబిలిటీ: 50 ప్రశ్నలు.

తప్పు జవాబుకు మార్కులు కోయరు. కాలిక్యులేటర్ అనుమతించరు. ఎ, బి సెక్షన్ల ప్రశ్నలను ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ చదువుకోవచ్చు. సెక్షన్ సి మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది.

అర్హత సులువే.. అసలు పోటీ ర్యాంకుకే

అర్హత సాధించడానికి 25 శాతం, అంటే 50 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు. ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లు ఉంటాయి కాబట్టి, కళ్లు మూసుకుని 200 ప్రశ్నలకూ జవాబు పెట్టినా సగటున 50 మార్కులు వస్తాయి. అందుకే "క్వాలిఫై అయ్యాను" అన్న మాటతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. కౌన్సెలింగ్‌లో సీటు ఇచ్చేది ర్యాంకును బట్టి.

ర్యాంకు వెనక డబ్బు లెక్క కూడా ఉంది. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, మిగతా నిబంధనలు సరిపోతే ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఆ పథకం వర్తించదు. కూలి పనికో, సింగరేణి కాంట్రాక్టు పనికో వెళ్లే తల్లిదండ్రులున్న ఇంట్లో రెండేళ్ల ఫీజు ఎవరు కట్టాలన్నది ఇక్కడే తేలిపోతుంది. ఆ తేడా తెచ్చే మార్కులు ఎక్కువగా గణితంలోనే ఉన్నాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

సిలబస్‌లో లిమిట్, డెరివేటివ్, మాత్రికలు, ద్విపద సిద్ధాంతం కనిపించగానే చాలామంది బెదిరిపోతారు. ఆ అధ్యాయాలన్నీ బీజగణితం-రేఖాగణితంలోని 30 మార్కుల్లో ఒక భాగం మాత్రమే. వాటిని చివరికి వదిలేయండి.

మొదట అంకగణితం పట్టుకోండి. శాతాలు, లాభనష్టాలు, నిష్పత్తి, భాగస్వామ్యం, కాలం-పని, కాలం-దూరం, కసాగు-గసాభా, వైశాల్యాలు, ఘనపరిమాణాలు. తర్వాత స్టాటిస్టిక్స్. సగటు, మధ్యగతం, బాహుళకం, సులువైన సంభావ్యత ప్రశ్నలు తక్కువ శ్రమతో వస్తాయి. సెక్షన్ ఎలోని సంఖ్యా శ్రేణులు, డేటా అనాలిసిస్, తేదీల ప్రశ్నలకూ ఇదే పునాది. అంటే అంకగణితం మీద పెట్టిన గంట రెండు సెక్షన్లలో పనికొస్తుంది.

మీ తప్పు జవాబు ఆప్షన్లలోనే ఉంటుంది

ప్రశ్నపత్రం తయారుచేసేవారికి మనం ఎక్కడ తొందరపడతామో తెలుసు. ఆ తొందరలో వచ్చే అంకెను ఆప్షన్లలో పెడతారు. మీకు వచ్చిన జవాబు ఆప్షన్లలో కనిపించినంత మాత్రాన అది సరైనదని అనుకోకండి. కింది నాలుగు లెక్కలు చూడండి.

*ఒకటి.* మహబూబాబాద్ జిల్లాలో ఒక రైతు కల్లంలో 90 కిలోల మిర్చి ఆరబోశాడు. అందులో తేమ 20 శాతం. రెండు రోజులు ఎండాక తేమ 10 శాతానికి తగ్గింది. ఇప్పుడు మిర్చి బరువెంత?

తేమ 10 శాతం తగ్గింది కదా అని 90లో 9 తీసేస్తే 81 వస్తుంది. ఆప్షన్లలో 81 తప్పకుండా ఉంటుంది. కానీ ఎండలో మారేది నీరు మాత్రమే. నీరు తీసేస్తే మిగిలే మిర్చి మారదు. మొదట అది 90లో 80 శాతం, అంటే 72 కిలోలు. ఎండాక ఆ 72 కిలోలే మొత్తం బరువులో 90 శాతం. కాబట్టి మొత్తం బరువు 80 కిలోలు. శాతాల లెక్క చూడగానే "ఇందులో మారనిది ఏది?" అని అడగండి. సగం లెక్క అక్కడే అయిపోతుంది.

*రెండు.* జనగామ నుంచి వరంగల్‌కు బైక్ మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లారు. అదే దారిలో 40 కిలోమీటర్ల వేగంతో తిరిగొచ్చారు. మొత్తం ప్రయాణంలో సగటు వేగం ఎంత?

60, 40 కలిపి సగం చేస్తే 50. అది తప్పు. సగటు వేగం అంటే మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగించాలి. దూరం ఇవ్వలేదు కాబట్టి లెక్కకు వీలైన అంకె అనుకోండి. 120 కిలోమీటర్లు అనుకుంటే వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. 240ని 5తో భాగిస్తే 48. అసలు దూరం ఎంతైనా జవాబు మారదు. ఇలా అంకె అనుకుని చేసే పద్ధతి లాభనష్టాల్లో, కాలం-పనిలో కూడా పనిచేస్తుంది.

*మూడు.* జనగామ స్టేషన్‌లో ఆగకుండా వెళ్లే ఒక రైలు పొడవు 150 మీటర్లు, వేగం గంటకు 54 కిలోమీటర్లు అనుకుందాం. 300 మీటర్ల ప్లాట్‌ఫాంను పూర్తిగా దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?

ముందు వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చాలి. 54ను 5తో గుణించి 18తో భాగిస్తే 15. ప్లాట్‌ఫాం పొడవు ఒక్కటే తీసుకుంటే 20 సెకన్లు వస్తుంది. కానీ రైలు చివరి పెట్టె కూడా ప్లాట్‌ఫాం దాటాలి. అంటే 300కు 150 కలపాలి. 450ని 15తో భాగిస్తే 30 సెకన్లు.

*నాలుగు.* జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు మూడూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. ఆ రోజు మంగళవారం. 2017 అక్టోబరు 11 ఏ వారం?

2016 లీపు సంవత్సరం కదా అని రెండు రోజులు కలిపితే గురువారం వస్తుంది. కానీ 2016 ఫిబ్రవరి 29 అప్పటికే దాటిపోయింది. 2016 అక్టోబరు నుంచి 2017 అక్టోబరు వరకు ఉన్నవి 365 రోజులే. 365ను 7తో భాగిస్తే శేషం 1. కాబట్టి బుధవారం. లీపు సంవత్సరం పేరు చూసి కలపకూడదు. మధ్యలో ఫిబ్రవరి 29 వచ్చిందా లేదా అన్నదే చూడాలి.

ఈ నాలుగింట్లోనూ గుణకారం, భాగహారం దాటి ఏమీ లేదు.

ఆప్షన్ల నుంచి వెనక్కి రండి

రెండంకెల సంఖ్య ఒకటుంది. దాని అంకెల మొత్తం 9. అంకెలను తారుమారు చేస్తే వచ్చే సంఖ్య 27 ఎక్కువ. ఆ సంఖ్య ఏది? ఆప్షన్లు 18, 27, 36, 45.

ఎక్స్, వై పెట్టి సమీకరణాలు రాయొచ్చు. కానీ ఆప్షన్లే తారుమారు చేసి చూస్తే ఇంకా త్వరగా తేలుతుంది. 45 తారుమారైతే 54, తేడా 9. 36 తారుమారైతే 63, తేడా 27. అయిపోయింది. సమీకరణం పూర్తిగా సాధించడం కన్నా ఆప్షన్‌ను ప్రశ్నలో పెట్టి చూడటం తేలికైనప్పుడు అదే చేయండి. ఇక్కడ మార్కు వచ్చేది జవాబుకే, పద్ధతికి కాదు.

డేటా సఫిషియెన్సీ: లెక్క చేయక్కర్లేదు

ఈ 20 ప్రశ్నల్లో జవాబు కనుక్కోమని అడగరు. ఇచ్చిన సమాచారం సరిపోతుందా లేదా అని మాత్రమే అడుగుతారు. మొదటి వాక్యం ఒక్కటే చాలా, రెండోది ఒక్కటే చాలా, రెండూ కలిస్తేనే చాలా, రెండూ కలిసినా చాలవా అన్నవి ఆప్షన్లు.

ఉదాహరణకు: భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం రెండో దశ సామర్థ్యం ఎంత?

1. మొదటి, రెండో దశల సామర్థ్యాల నిష్పత్తి 5:6.
2. రెండో దశ సామర్థ్యం మొదటి దశ కన్నా 100 మెగావాట్లు ఎక్కువ.

నిష్పత్తి ఒక్కటే ఉంటే అది 5, 6 కావచ్చు, 50, 60 కావచ్చు. తేడా ఒక్కటే ఉన్నా తేలదు. రెండూ కలిస్తే ఒక భాగం 100 అని తెలుస్తుంది. కాబట్టి మూడో ఆప్షన్. అక్కడితో ఆగిపోండి.

చెల్పూరు చుట్టుపక్కల వారికి ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఆ కేంద్రం 500, 600 మెగావాట్లదని వారికి ముందే తెలుసు. కానీ ఇలాంటి ప్రశ్నల్లో మనకు బయట తెలిసిన విషయం వాడకూడదు. కాగితం మీద ఇచ్చిన రెండు వాక్యాలే లెక్క.

150 నిమిషాలను ఎలా పంచుకోవాలి?

అన్ని ప్రశ్నలకూ సమానంగా పంచితే ఒక్కోదానికి 45 సెకన్లు. కానీ ఇంగ్లిష్ ప్రశ్నలకు అంత అక్కర్లేదు. సెక్షన్ సిని ప్రశ్నకు 30 సెకన్ల లెక్కన 25 నిమిషాల్లో ముగిస్తే, మిగతా 150 ప్రశ్నలకు 125 నిమిషాలు మిగులుతాయి. అంటే ఒక్కో లెక్కకు 50 సెకన్లు.

ఆ 125 నిమిషాలను రెండు విడతలు చేసుకోండి. మొదటి విడతలో చూడగానే దారి తెలిసిన లెక్కలే చేయండి. నిమిషం దాటినా తేలకపోతే గుర్తు పెట్టుకుని ముందుకెళ్లండి. రెండో విడతలో గుర్తు పెట్టినవి చూడండి. చివరి 5 నిమిషాలు మాత్రం లెక్కలు ఆపేయండి. ఖాళీగా ఉన్న ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక ఆప్షన్ పెట్టండి. నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో ఖాళీ వదలడం అంటే చేతికొచ్చే మార్కును వదిలేయడమే.

సాధనకు ఖర్చు అక్కర్లేదు

తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ గణితం పాఠ్యపుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. 8, 9, 10 తరగతుల పుస్తకాల్లో శాతాలు, నిష్పత్తులు, క్షేత్రమితి, సాంఖ్యక శాస్త్రం అధ్యాయాలతో మొదలుపెట్టండి. ఐసెట్ అధికారిక వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ ఉంటుంది. దాన్ని వీలైతే ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ మీద రాయండి. పరీక్షలో లెక్క కాగితం మీద, జవాబు మౌస్‌తో కదా. ఆ రెండింటి మధ్య చూపు తిప్పడం అలవాటు కావాలి.

తెలుగు మీడియంలో చదివినవారు రెండు భాషల్లోనూ పదాలు గుర్తుపెట్టుకోవడం మేలు. మధ్యగతం అంటే మీడియన్, బాహుళకం అంటే మోడ్, కరణి అంటే సర్డ్. మధ్యగతం కనుక్కునే ముందు సంఖ్యలను వరుసలో పెట్టాలన్నది మరవొద్దు. 7, 3, 9, 4, 12లో మధ్యన కనిపిస్తున్నది 9. వరుసలో పెడితే 3, 4, 7, 9, 12. జవాబు 7.

మాక్ టెస్ట్ రాశాక మార్కులు చూసి వదిలేయకండి. తప్పు పోయిన ప్రతి లెక్క పక్కన కారణం రాయండి: పద్ధతి తెలియలేదా, కూడిక తప్పిందా, ప్రశ్న సరిగా చదవలేదా? మూడో కారణం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. దాన్ని తగ్గించుకోవడానికి కొత్త అధ్యాయం ఏదీ నేర్చుకోనక్కర్లేదు.

కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి

- డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 45 శాతం మార్కులుండాలి. ఎంసీఏకు అదనపు నిబంధనలుంటాయి. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.
- జనగామ, భూపాలపల్లి వారికి వరంగల్ పరీక్ష కేంద్రం దగ్గర. మహబూబాబాద్ వారు వరంగల్, ఖమ్మంలలో ఏది వీలైతే అది ఎంచుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నవారు అక్కడే కేంద్రం పెట్టుకోవచ్చు.
- కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో ముందే దరఖాస్తు చేయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ వార్షికాదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు రూ.2 లక్షలు. బీసీ, ఈబీసీలకు పల్లెల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు.
- సీటు వచ్చాక ఈపాస్ వెబ్‌సైట్‌లో విడిగా దరఖాస్తు చేయాలి. ఐసెట్ రాసినంత మాత్రాన ఫీజు దానంతటదే రాదు.

రోజుకు 20 లెక్కలు పెట్టుకోండి. పది నిమిషాలు ఎక్కువైనా సరే, ప్రతి ప్రశ్నను చివరి పదం దాకా చదివాకే పెన్ను కదపండి. నెల తిరిగేసరికి 81 దగ్గర ఆగిపోకుండా 80 దాకా వెళ్లడం మీకే అలవాటవుతుంది.