విద్యుత్ రైలుమార్గాలలో క్షణకాల సంక్షోభాలు – వాటి గణన

భారతదేశంలో తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి, కుర్లాల మధ్య 1,500 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడిచింది. 1957లో రైల్వేలు 25,000 వోల్టుల, 50 హెర్ట్‌జ్ ఏకాంతర విద్యుత్ పద్ధతిని ప్రమాణంగా స్వీకరించాయి. నేడు మన ప్రధాన మార్గాలన్నీ ఈ పద్ధతిపైననే నడుస్తున్నవి.

వేగంగా పారుతున్న నీటి కుళాయిని హఠాత్తుగా కట్టివేస్తే గొట్టం అదురుతుంది. విద్యుద్వలయంలోనూ అంతే. స్విచ్చి మూసినా, తెరచినా, పిడుగు పడినా, వలయం పాత స్థితి నుండి కొత్త స్థితికి ఒక్క గంతులో చేరలేదు. ఈ నడిమి కాలపు అలజడినే ట్రాన్సియెంట్ అంటారు. అది సెకనులో స్వల్పభాగమే ఉన్నా, పరికరాలను పాడుచేయగలదు.

రైలుమార్గంలో ఇది నిత్యకృత్యం. పక్కపక్క సబ్‌స్టేషన్లు సాధారణంగా వేర్వేరు ఫేజులనుండి విద్యుత్తు తీసుకుంటాయి గనుక, వాటి నడుమ విద్యుత్తులేని చిన్న తటస్థ భాగం ఉంచుతారు. అక్కడికి రాకముందే ఇంజనులోని బ్రేకరును తెరచి, దాటిన పిదప తిరిగి మూస్తారు. వోల్టేజి శూన్యంగా ఉన్న క్షణంలో అది మూతపడితే ట్రాన్స్‌ఫార్మరు కోరులోని అయస్కాంత అభివాహం మామూలు గరిష్ఠానికి దాదాపు రెట్టింపు కావచ్చు. అప్పుడు ఇనుము సంతృప్తమై, పూర్తి భారానికి అనేక రెట్ల ప్రవాహం దూసుకువస్తుంది.

ఇక్కడే చిక్కు. రక్షణ రిలే దీనిని నిజమైన లోపంగా భ్రమిస్తే రైలు నిష్కారణంగా ఆగుతుంది. నిజమైన లోపాన్ని ఉపేక్షిస్తే తీగ కరిగిపోవచ్చు. ఈ దూకుడు ప్రవాహంలో రెండవ హార్మోనిక్, అనగా 100 హెర్ట్‌జ్ అంశం, మెండుగా ఉంటుంది. అనేక ట్రాన్స్‌ఫార్మరు రిలేలు దానినే గుర్తుగా గ్రహిస్తాయి.

నడుస్తున్న మార్గంపై ఇటువంటి ప్రయోగాలు చేయడం ప్రమాదం. అందుచేత గణితంతో అనుకరిస్తారు. హెర్మన్ డొమ్మెల్ 1969లో ప్రచురించిన పద్ధతి దీనికి పునాది. కాలాన్ని మిక్కిలి చిన్న మెట్లుగా విభజించి, ప్రతి మెట్టుకూ మొదటి, చివరి వోల్టేజిల సగటును లెక్కకు తీసుకుంటారు. ఉదాహరణకు 0.1 హెన్రీ ప్రేరకత్వంపై సగటున 1,000 వోల్టులుంటే, 50 మైక్రోసెకనులలో ప్రవాహం అర ఆంపియరు పెరుగుతుంది. ఆ ఫలితమే మరుసటి మెట్టుకు ఆరంభం. ఇట్లు వేలాది మెట్లను కంప్యూటరు ఎక్కుతుంది.

మెట్టు ఎంత చిన్నది కావాలి? తీగపై విద్యుత్తరంగం కాంతివేగానికి చేరువగా పోతుంది. 30 కిలోమీటర్లు దాటడానికి సుమారు 100 మైక్రోసెకనులు చాలు. 3 కిలోమీటర్ల తీగకైతే 10 మాత్రమే. మెట్టు అంతకన్న చిన్నది కానిచో తరంగం రాకపోకలు లెక్కలో చిక్కవు.

అయినను గణన ఇచ్చే సమాధానం మనమందించిన వివరాలను మించి నిజం కాజాలదు. కోరులో మిగిలిన అయస్కాంతత్వాన్ని తప్పుగా ఊహిస్తే ఫలితమూ తప్పుతుంది. కనుకనే ఇంజనీర్లు బ్రేకరు మూసే క్షణాన్ని మార్చి మార్చి అనేకమారులు లెక్కించి, మార్గంపై నమోదైన కొలతలతో సరిచూస్తారు.

విద్యార్థులు ఒక నిరోధం, ఒక ప్రేరకత్వం గల వలయాన్ని ఈ రీతిగా కాగితంపై పది మెట్లు లెక్కించి, పాఠ్యగ్రంథంలోని సూత్రంతో పోల్చిచూడవచ్చు. మెట్టును సగం చేసినకొద్దీ వ్యత్యాసం ఎట్లు తగ్గునో వారికే విదితమవుతుంది.