గృహ నిర్మాణమునకు ప్రజాధనము

తిరువళ్ళూరు, తిరుత్తణి పట్టణములకు పురపాలక సంఘములు కలవు. క్రింద అంగళ్ళు, పైన ఇండ్లు గల కట్టడములకు ప్రజాధనము నీయవచ్చునా యను చర్చ సభలో వచ్చినపుడు, మొదట నడుగవలసిన ప్రశ్న యొక్కటి: వానిలో పేదల ఇండ్లెన్ని?

2015 జూన్ 25న ఆరంభమైన ప్రధానమంత్రి ఆవాస యోజనలో దీనికి సమాధానము దొరకును. భాగస్వామ్య పద్ధతిని కట్టిన సముదాయములలో ఒక్కొక్క పేద యింటికి కేంద్రము 1.5 లక్షల రూపాయలిచ్చెను. అయితే నూటికి 35 ఇండ్లకు తక్కువ గాకుండ, ఏడాదికి 3 లక్షలు మించని ఆదాయము గల కుటుంబములకు కేటాయింపవలెను. అనగా ధనము గోడలకు గాక, అందు నివసించు వానికి.

అంగళ్ళ అద్దె భవన సంరక్షణకు తోడ్పడుననుట నిజమే. కాని పేదల వాటా ముందుగా నిర్ణయింపనిచో లాభము కట్టించువానికే చేరును.

సొంత స్థలమున ఇల్లు కట్టుకొనువారికిని ఆ యోజనలో సహాయము కలదు. వారు స్థలహక్కు చూపవలెను. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రమున కలిసినది. కావున తాతల నాటి తెలుగు దస్తావేజులు గల కుటుంబములు వానిని భద్రపరచి, పట్టాను తమ పేర మార్పించుకొనుట మేలు. హక్కు పత్రము లేనివానికి సహాయము కాగితము మీదనే నిలిచిపోవును.